ముగ్గుపిండి జాడ పట్టుకుని తాటిపూడి కొండల కింద పరుగు: జరిగింది ఇదీ, వచ్చేసారి ఏం చేద్దామో చెప్పండి

గోస్తనిగట్టు
ఆదివారం, రాత్రి 8:15

అందరికీ నమస్కారం. ఈ ఉదయం తాటిపూడి వైపు కొండల కింద మొదటిసారి జాడ పరుగు పెట్టాం. ఇరవై ముగ్గురు వచ్చారు. ఎక్కువమంది విజయనగరం వాళ్లు, ఆరుగురు ఎస్.కోట (శృంగవరపుకోట) నుంచి, ముగ్గురు గంట్యాడ వైపు నుంచి. దారి వేసింది నేను. అందుకే మంచీ చెడూ రెండూ నేనే చెప్పాలి. రెండు తప్పులు జరిగాయి. అవి దాచిపెట్టి ఫొటోలు మాత్రం పెడితే బాగోదు.

తెలియనివాళ్ల కోసం ముందు ఆట చెబుతాను. ఒకరు కుందేలు. కుందేలు ముందే వెళ్లి పొలాల గట్ల మీద, గోర్జుల్లో (సందుదార్లలో), గెడ్డ (వాగు) పక్కన, తోటల్లో నలభై యాభై అడుగులకో గుప్పెడు పిండి వేసుకుంటూ పోతాడు. మిగతావాళ్లంతా దండు. ఆ గుప్పెళ్లు వెతుక్కుంటూ వెనకాల వస్తారు. ఎక్కడైనా పిండితో గుండ్రంగా గీసి ఉందంటే జాడ అక్కడ తెగిపోయినట్టు. అక్కడినుంచి నాలుగు వైపులా వెతకాలి. ఒక వైపు వెళ్తే రెండు గుప్పెళ్లు కనిపించి తర్వాత అడ్డగీత వస్తుంది, అది దొంగదారి. ఇంకో వైపు వరసగా మూడు గుప్పెళ్లు కనిపిస్తాయి, అది అసలు దారి. దొరికినవాళ్లు "ఉందర్రోయ్!" అని కేక వేస్తే అందరూ అటు మళ్లుతారు. గెలుపు లేదు, ఓటమి లేదు, టైం కూడా చూడం.

తెల్లవారుజామున నాలుగున్నరకి తలకి టార్చి కట్టుకుని, భుజాన ఎనిమిది కేజీల బియ్యప్పిండి సంచితో బయల్దేరాను. మొత్తం ఏడు కిలోమీటర్లు. పొగమంచు ఎంతుందంటే పది అడుగుల అవతల తాటిచెట్టు కూడా కనబడలేదు. గట్టు మీద గడ్డి తడిసి ఉంది. పిండి వేస్తుంటే ముద్దకట్టి గడ్డికి అంటుకుపోయింది. అది మంచిదే అయింది, గాలికి ఎగిరిపోలేదు. కానీ గెడ్డ దాటాక ఎండు నేల మీద వేసిన గుప్పెళ్లని ఆరున్నరకే చీమలు వరసకట్టి మోసుకుపోతున్నాయి. ఊరి దగ్గరైతే కోళ్లు తినేశాయి. జాడ తప్పిపోయి దండు ఇరవై నిమిషాలు ఒక జీడితోటలోనే తిరిగింది.

ఇంకో సంగతి నాకు ముందు తట్టనేలేదు. ఇది ధనుర్మాసం. ఊళ్లోకి అడుగుపెడితే ప్రతి వాకిట్లోనూ ముగ్గే! ఏది జాడో ఏది ముగ్గో తెలియక ముగ్గురు ఒక ఇంటి గుమ్మం దాకా వెళ్లిపోయారు. గొబ్బెమ్మలు పెడుతున్న పాప బెదిరిపోయింది. ఇంక ఊళ్లో జాడ వేయకూడదని అప్పుడే అనుకున్నాం.

ఇక తప్పులు. ఒకటి, దండులో ఐదారుగురు అడ్డదారి అనుకుని కోత అయిపోయిన వరిమడికి అడ్డంపడి పరిగెత్తారు. ఖాళీ మడే కదా అనుకున్నారు. అందులో మినుము మొలకలున్నాయి. రెండోది నన్ను ఎక్కువ బాధపెట్టింది. మూడు దారులు కలిసే చోట నేను గీసిన తెల్లటి గుండ్రం చూసి ఒక ముసలమ్మ బయటికి రాకుండా లోపలే ఉండిపోయింది. ఎవరో చిల్లంగి, అంటే చేతబడి, పెట్టారనుకుంది. మనవణ్ని కూడా బయటికి వదల్లేదట. నాకు విషయం తెలిసేసరికి ఎనిమిదిన్నర అయింది.

వచ్చే నెల సంక్రాంతికి ముందు ఆదివారం మళ్లీ పెడదామని అంటున్నారు. నాకు మాత్రం ఈ రెండూ తేలేదాకా వద్దనిపిస్తోంది. మీ సలహాలు చెప్పండి.


ఫుల్‌మారథాన్
ఆదివారం, రాత్రి 9:02

ముందుగా అభినందనలు. మన జిల్లాలో ఇలాంటివి జరగడమే గొప్ప.

ఒక్క మాట. టైం చూడకపోతే పరిగెత్తేవాళ్లకి లాభం ఏమిటి? నేను రెండు ఫుల్ మారథాన్లు చేశాను. ఏడు కిలోమీటర్లకి గంటన్నర పట్టిందని మీ ఫొటోల కింద చూశాను. ఫోన్ యాప్‌లో దారి ముందే పెట్టేసి, టైం రాసి, మొదటి ముగ్గురికి చిన్న బహుమతి ఇస్తే కుర్రాళ్లు ఎక్కువమంది వస్తారు. పిండి, చీమలు, కోళ్లు, ఈ గొడవ అంతా తప్పుతుంది కూడా.


పాతపీఈటీ
ఆదివారం, రాత్రి 10:20

బాబూ ఫుల్‌మారథాన్, మీ ఉత్సాహం నాకు నచ్చింది. నేను ముప్పై ఏళ్లు స్కూల్లో ఆటలు నేర్పాను. పందెం ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు పెట్టకూడదో కొంత తెలుసు. ఈ ఆట ఎలా పుట్టిందో చెబుతాను వినండి.

ఇంగ్లండు స్కూళ్లలో పాతకాలంలో కుందేలు, వేటకుక్కలు అని ఒక ఆట ఉండేది. ముందు పోయే పిల్లవాడు కాగితం ముక్కలు చల్లుకుంటూ పోతే వెనక పిల్లలు పట్టుకోవాలి. 1938లో మలయాలో (ఇప్పటి మలేషియా), కౌలాలంపూర్‌లో, జిస్పర్ట్ అనే అకౌంటెంటు, ఆయన స్నేహితులు కలిసి దాన్ని పెద్దవాళ్ల ఆటగా మార్చారు. ఊరి చుట్టూ రబ్బరు తోటలు, అడవి, కొండలు, ఉక్కపోత. అంటే మన వాతావరణం లాంటిదే. వాళ్లు భోంచేసే క్లబ్బు హాల్లో తిండి చప్పగా ఉండేదని దానికి హ్యాష్ హౌస్ అని పేరు పెట్టుకున్నారు. హ్యాష్ అంటే ముక్కలు కొట్టి కలిపి వండే మామూలు తిండి. ఆ పేరే ఈ పరుగుకీ వచ్చింది, హ్యాష్ హౌస్ హారియర్స్ అని. హారియర్స్ అంటే కుందేళ్లని తరిమే వేటకుక్కలు. జిస్పర్ట్ 1942 ఫిబ్రవరిలో సింగపూర్ యుద్ధంలో చనిపోయాడు. యుద్ధం అయ్యాక 1946లో మిగిలినవాళ్లు మళ్లీ మొదలుపెట్టారు. 1950లో క్లబ్బు రిజిస్టర్ చేయించినప్పుడు ఉద్దేశాలు రాయమంటే, అందులో ఒకటి ఇదీ: వయసు మళ్లిన సభ్యులకి, తాము అనుకున్నంత ముసలివాళ్లం కాలేదని నమ్మకం కలిగించడం. ఇవాళ చాలా దేశాల్లో ఈ పరుగులున్నాయి.

ఇప్పుడు అసలు విషయం. ఆ గుండ్రాలూ దొంగదార్లూ సరదాకి పెట్టినవి కావు. గుండ్రం దగ్గరికి ముందు చేరేది ఎవరు? మీలాంటి బలమైనవాళ్లు. దొంగదారిలో రెండొందల గజాలు పోయి తిరిగొచ్చేదీ మీరే. మీరు వెతికేలోపు వెనకున్న అరవై ఏళ్లవాడు, మొదటిసారి వచ్చిన అమ్మాయి గుండ్రం దగ్గరికి చేరుకుంటారు. అక్కడినుంచి మళ్లీ అందరూ ఒకచోటే. చివరికి మీరు పది కిలోమీటర్లు పరిగెత్తి ఉంటారు, నేను ఏడు నడిచి ఉంటాను, ఇద్దరం ఒకేసారి చింతచెట్టు కిందికి వస్తాం. దారి ముందే ఫోన్లో పెట్టేస్తే ఇదంతా పోతుంది. మీరు ముందు వెళ్లిపోతారు, నేను ఇంటి దగ్గరే ఉండిపోతాను.

మంచి కుందేలుకి పరీక్ష ఏమిటంటే, మొదటివాడికీ చివరివాడికీ మధ్య ఎంత తేడా వచ్చిందీ అన్నది. గోస్తనిగట్టు గారూ, మీ పరుగులో ఎంత వచ్చింది?


గోస్తనిగట్టు
ఆదివారం, రాత్రి 10:41

ఆరు నిమిషాలు, మాస్టారూ. చివర వచ్చినాయన వయసు యాభై ఎనిమిది.


పాతపీఈటీ
ఆదివారం, రాత్రి 10:50

అయితే దారి బాగా వేశారు. మిగతావి సర్దుకోవచ్చు.

ఇంకో మాట. వెనక వచ్చేవాళ్లని మీరు దండు అంటున్నారు, అదే ఉంచండి. అక్కడివాళ్లు వేటకుక్కలంటారు. మన ఊళ్లో మనిషిని ఆ మాట అంటే ఊరుకోరు.


మెట్టరైతు
సోమవారం, ఉదయం 5:35

మాది గంట్యాడ మండలమే. పొలం పనికి పోయేముందు ఇది చదివాను. మినుము గురించి నేను చెప్పాలి.

వరి కోతకి రెండు మూడు రోజుల ముందు, చేను ఇంకా నిలబడి ఉండగానే, అందులో మినుములో పెసలో వెదజల్లుతాం. నేలలో అప్పటికి ఉన్న తడితోనే అవి మొలవాలి. తర్వాత నీరు పెట్టం, దున్నం. కోత కోసి పనలు ఎత్తేశాక చూస్తే మోళ్లు మాత్రమే కనబడతాయి. వంగి చూడండి, మోడుకీ మోడుకీ మధ్య రెండాకుల మొలక ఉంటుంది. వేలెడంత కూడా ఉండదు. బూటు కింద పడితే మెడ విరుగుతుంది, మళ్లీ లేవదు. నేల మెత్తగా ఉంటే అడుగు పడినచోట గట్టిపడిపోయి పక్క గింజ కూడా సరిగా రాదు.

వరి మీద వచ్చింది కూలీలకీ, ఎరువు బాకీలకీ, కోత మిషనుకీ పోతుంది. ఈ మినుమే మాకు చేతిలో మిగిలేది. పండక్కి పిల్లలకి బట్టలు కొన్నామంటే దాని మీద ధైర్యంతోనే. అందుకే ఖాళీ మడి అన్న మాట వినగానే నాకు కడుపు మండింది.

మీరు తప్పు ఒప్పుకున్నారు కాబట్టి మర్యాదగా చెబుతున్నాను. మడిలోకి ఎవరూ దిగకూడదు. గట్టు మీదే నడవాలి. గట్టు కూడా వెడల్పున్నదే చూసుకోవాలి. ఇరవై మంది ఒకరి వెనక ఒకరు పరిగెత్తితే సన్నగట్టు అంచు విరిగిపోతుంది. ఒండ్రుమట్టి గట్టయితే మరీ. తోవకి గోర్జులున్నాయి, చెరువు గట్టుంది, గెడ్డ ఒడ్డుంది. మీ ఆటకి అవి చాలవా?


ఫుల్‌మారథాన్
సోమవారం, ఉదయం 7:10

అన్నా, అడ్డంపడి పరిగెత్తినవాళ్లలో నేనున్నాను. నిజంగా ఖాళీ అనుకున్నాను. నేను పుట్టి పెరిగింది టౌన్లోనే, మొలకలుంటాయని తెలీదు. క్షమించండి. ఆ రైతు ఎవరో కనుక్కుని నేనే వెళ్లి మాట్లాడతాను.

మాస్టారూ, మీరు చెప్పింది రాత్రంతా ఆలోచించాను. మొదటి గుండ్రం దగ్గర దొంగదారిలో పోయి తిరిగొచ్చినప్పుడు చిరాకు పడ్డానన్న మాట నిజం. అది నా కోసం కాదు, వెనకవాళ్ల కోసమని అప్పుడు తెలియలేదు.


కోటఅమ్మాయి
సోమవారం, మధ్యాహ్నం 1:25

నేను ఎస్.కోట నుంచి వచ్చిన ఆరుగురిలో ఒకదాన్ని. నాకు ముప్పై నాలుగేళ్లు. ఇద్దరు పిల్లల తర్వాత నేను పరిగెత్తడం ఇదే మొదటిసారి.

టౌన్లో రోడ్డు మీద పరిగెత్తాలంటే నాకు భయం. ఎవరో ఒకరు బండి నెమ్మది చేసి చూస్తారు. నిన్న మాత్రం జాడ వెతకడంలో పడి, నన్ను ఎవరైనా చూస్తున్నారా అన్న సంగతే మర్చిపోయాను. రెండో గుండ్రం దగ్గర అందరూ గెడ్డ వైపు వెళ్లిపోతే, నేను వెనకబడి అక్కడే నిలబడిపోయాను. అప్పుడు పక్కన తుప్పల్లో ఈతచెట్టు మొదట్లో తెల్లగా ఏదో కనబడింది. వంగి చూస్తే పిండి. ఇంకో పది అడుగులకి ఇంకోటి. మూడోది కూడా దొరికింది. కేక వేయడానికి గొంతు రాలేదు ముందు. తర్వాత వేశాను. అంతమంది నా కేక విని వెనక్కి మళ్లి నా వైపు రావడం నేను మర్చిపోలేను.

వచ్చేసారికి మూడు విషయాలు అడుగుతాను. మొదటిది, దండుకి చివర ఒక మనిషి తప్పనిసరిగా ఉండాలి, వాళ్ల వెనక ఎవరూ ఉండకూడదు. నిన్న జీడితోటలో ఐదు నిమిషాలు నేనూ ఇంకో అమ్మాయీ ఒంటరిగా ఉండిపోయాం. ఫోన్లో సిగ్నల్ లేదు. రెండోది, ఆడవాళ్లకి బట్టలు మార్చుకోవడానికీ బాత్రూంకీ ఒక చోటు ముందే అడిగి పెట్టండి. ఊళ్లో ఎవరింట్లోనైనా సరే. మూడోది, కుక్కలు. ఊరి మొదట్లో కుక్కలు మీదికొస్తే పరిగెత్తకూడదని, ఆగి నెమ్మదిగా నడవాలని ముందే అందరికీ చెప్పాలి.

చీరలోనైనా చుడీదార్లోనైనా రావచ్చని కూడా పోస్టులో రాయండి. నాతో వచ్చిన వదినగారు ట్రాక్ ప్యాంట్ లేదని మానేయబోయారు.


ఆసుపత్రిడ్యూటీ
సోమవారం, రాత్రి 7:48

నేను స్టాఫ్ నర్సుని. మీ ఫొటోల్లో గడ్డికుప్పల పక్కనుంచి సన్నదారిలో అందరూ చీకట్లో పోతున్నది చూసి టెన్షన్ వచ్చింది. కోతల రోజుల్లో మాకు పాము కాట్లు వస్తూనే ఉంటాయి. కుప్పల్లోకి ఎలకలు చేరతాయి, ఎలకల కోసం పాములు చేరతాయి. రక్తపింజర ఎండుగడ్డిలో కలిసిపోతుంది, కనబడదు. కాబట్టి కుప్పలకీ కల్లాలకీ దూరంగా జాడ వేయండి. బాగా తెల్లవారాకే దండుని వదలండి. చీలమండ కప్పే బూట్లు వేసుకోమనండి. చెప్పులతో వద్దు.

కరిస్తే కట్టు బిగించకండి, కోయకండి, నోటితో పీల్చకండి, పసర్లు పూయకండి. కరిచిన కాలు కదలకుండా కర్రకి కట్టి, మనిషిని మోసుకుని రోడ్డుకి తేవాలి. నడిపించకూడదు. 108కి ఫోన్ చేయండి. పామునీ పట్టుకోవద్దు, చంపి తేవద్దు. ఇక్కడ వాడే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ పనిచేస్తుంది. ఆసుపత్రిలో కొంచెం రక్తం గాజు గొట్టంలో తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి చూస్తాం. గడ్డకట్టలేదంటే పింజర విషం ఎక్కిందని అనుమానం. కట్లపాము కరిస్తే నొప్పి కూడా ఉండకపోవచ్చు, అందుకని నొప్పి లేదు కదా అని ఇంటికి పోకూడదు. జాడ వేసే కుందేలు చీకట్లో ఒంటరిగా వెళ్లడం కూడా నాకు నచ్చలేదు. ఇద్దరు వెళ్లండి.

ఇంకో విషయం. పరుగుకి ముందు మోకాళ్ల నొప్పికని మాత్ర వేసుకొచ్చానని మీ గ్రూపులో ఒకాయన రాశారు. దయచేసి మానండి. చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ నొప్పిమాత్రలు కిడ్నీ మీద దెబ్బ కొడతాయి. డిసెంబరులో కూడా మన దగ్గర చెమట బాగా పడుతుంది. లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి పెట్టుకోండి, చాలు. కొలత దాటి ఉప్పు వేయకండి.


ఉద్దానంకొబ్బరి
సోమవారం, రాత్రి 9:15

మా పలాస వైపు కూడా ఒకటి పెట్టండి అన్నా. జీడితోటల్లో పరిగెత్తితే నీడ ఎంత బాగుంటుందో! మందస వైపు వస్తే ఎదురుగా మహేంద్రగిరి కనబడుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా తోటలు నేలమట్టం అయిపోయాయి. కూలిన కొబ్బరిచెట్ల స్థానంలో పెట్టిన మొక్కలు ఇప్పుడు ఎదుగుతున్నాయి. వాటి మధ్య నలుగురు నవ్వుతూ పరిగెత్తితే చూడాలని ఉంది.

కాకపోతే ఒకటి చెప్పాలి. మా దగ్గర ఎలుగుబంట్లు ఉన్నాయి. తెల్లవారుజామునా సాయంత్రం మసకవేళా తోటల్లోకి వస్తాయి. మనుషుల మీద పడ్డ సంఘటనలు చాలా జరిగాయి. కాబట్టి కుందేలు నాలుగున్నరకి పిండి సంచితో వెళ్లడం మా వైపు కుదరదు.


పాతపీఈటీ
సోమవారం, రాత్రి 9:40

అయితే మీ దగ్గర పొద్దెక్కాక ఏడున్నరకి కుందేలు బయల్దేరి, పావుగంట తర్వాత దండుని వదలాలి. మొదట్లో మలయాలో ఆడిన పద్ధతి కూడా అదే, కుందేలు కొంచెం ముందు, దండు వెనకే. జాడ చీమలు తినేలోపు మనుషులు చేరిపోతారు. గోస్తనిగట్టు గారూ, మీరు కూడా ఇలా చేసి చూడండి. రెండు గంటల ముందు వేయడమే మీకు ఇబ్బంది అయింది.


నెల్లిమర్ల_కుర్రోడు
మంగళవారం, ఉదయం 10:05

రామతీర్థం కొండలు ఎంచుకుంటే ఎలా ఉంటుంది? మాకు దగ్గర. పైనుంచి వ్యూ సూపర్. శ్రీకాకుళం వాళ్లకి శాలిహుండం కొండ కూడా ఉంది, కింద వంశధార.


చరిత్రఅంటేఇష్టం
మంగళవారం, ఉదయం 11:30

వద్దు తమ్ముడూ, దయచేసి. రామతీర్థం కొండల మీద బౌద్ధుల కట్టడాల శిథిలాలు, జైన శిల్పాలు ఉన్నాయి. శాలిహుండంలో స్తూపం, ఇటుక పునాదులు. ఆ ఇటుకలు దాదాపు రెండు వేల ఏళ్లుగా ఎండకీ వానకీ తట్టుకుని నిలబడ్డాయి. మనం ఇరవై మందిమి ఒకేసారి ఎక్కి తొక్కితే అంచులు రాలతాయి. అక్కడికి ఒకరోజు నెమ్మదిగా నడిచి వెళ్దాం, నేను వచ్చి చూపిస్తాను. పరుగు మాత్రం వాటికి దూరంగా.

రిజర్వ్ ఫారెస్టు హద్దు కూడా చూసుకోండి. హద్దు రాళ్లు తుప్పల్లో మునిగిపోయి ఉంటాయి. లోపలికి పోవాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. తాటిపూడి జలాశయం నీళ్లు విశాఖ వాళ్లు తాగేవి, నీళ్ల సీసాలు ఒక్కటి కూడా అక్కడ వదలకండి.


కొండకిందబడి
మంగళవారం, సాయంత్రం 5:50

నేను కొండ కింద ఊరి బడిలో టీచర్ని. చిల్లంగి సంగతి ఎవరూ ఎత్తలేదు, అందుకే రాస్తున్నాను.

ఇది మూఢనమ్మకమని కొట్టిపారేసి మన పని మనం చేసుకుందామనుకుంటే అన్యాయం అవుతుంది. ఈ ప్రాంతాల్లో ఒకరి మీద చిల్లంగి అనుమానం వస్తే ఆ మనిషిని ఊరు బాధపెట్టిన సందర్భాలున్నాయి. కొట్టారు, వెలివేశారు, చంపినవీ ఉన్నాయి. మూడుదారుల దగ్గర తెల్లవారేసరికి గుండ్రంగా తెల్లపిండి కనబడితే, ఇది ఎవరు చేశారన్న ప్రశ్న వస్తుంది. వేలు మీ వైపు తిరగదు, మీరు విజయనగరం వెళ్లిపోయి ఉంటారు. ఊళ్లో ఎవరూ లేని ఒక ముసలివాళ్ల వైపు తిరుగుతుంది. నాకు భయం ఇదే.

కాబట్టి నా మాట ఇదీ. ముందురోజు సాయంత్రం ఊరికి వెళ్లండి. పెద్దలకి చెప్పండి. మైకులో చెప్పించండి. బడిలో నేను పిల్లలకి ఆట నేర్పిస్తాను, ఇళ్లకి వెళ్లి వాళ్లే చెబుతారు. మూడుదారుల్లో, నాలుగుదారుల్లో, శ్మశానం పక్కన, అమ్మవారి గుడి పక్కన గుర్తు వేయకండి. పసుపు, కుంకుమ, నిమ్మకాయ, బూడిద, గుడ్డపీలిక ఏవీ వద్దు. తెల్లపిండి కూడా మానేసి ఊక వాడండి. రైసు మిల్లు దగ్గర సంచులకొద్దీ దొరుకుతుంది. ఎర్రమట్టి మీద పసుపుపచ్చగా కనబడుతుంది, కోళ్లు గీరుతాయి గానీ మింగలేవు, చీమలకి పనికిరాదు. ఊక చూసి ఎవరూ భయపడరు. ప్రతి ఇంట్లోనూ ఉండేదే కదా.


గోస్తనిగట్టు
మంగళవారం, రాత్రి 8:30

టీచరు గారూ, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ముసలమ్మ భయపడిందని బాధపడ్డాను గానీ, ఆ భయం ఇంకొకరి మీద పడుతుందని నాకు తట్టలేదు. రేపు సాయంత్రం వెళ్తున్నాను. మీరు కూడా వస్తే ధైర్యంగా ఉంటుంది.


చీపురుపల్లిబస్సు
మంగళవారం, రాత్రి 9:10

పరుగు అయ్యాక మందు పార్టీ ఉంటుందని విన్నాను. ఆ క్లబ్బులు బీరుకి పేరుపడ్డవట. మా నాన్నగారిని తీసుకొద్దామనుకున్నాను, అందుకే అడుగుతున్నాను.


గోస్తనిగట్టు
మంగళవారం, రాత్రి 9:22

అక్కడ అది మొదటినుంచీ ఉన్న అలవాటే. మన దగ్గర లేదు, ఉండదు. మనం వెళ్లేది వేరేవాళ్ల ఊరికి, వాళ్ల పొలాలకి. పోయినసారి చింతచెట్టు కింద చోడంబలి (రాగి అంబలి), ఉల్లిపాయ, ఊరగాయ ముక్క పెట్టాం. పెద్ద సత్తు గిన్నెడు అంబలి అయిపోయింది. నాన్నగారిని తప్పకుండా తీసుకురండి.


ఫుల్‌మారథాన్
బుధవారం, రాత్రి 9:05

ఇవాళ నేనూ గోస్తనిగట్టు గారూ ఆ మినుము మడి వాళ్ల దగ్గరికి వెళ్లాం. ఆవిడ మమ్మల్ని మడి దగ్గరికి తీసుకెళ్లి, కూర్చోబెట్టి, చేత్తో మోళ్లు పక్కకి తీసి చూపించింది. నా బూటు గుర్తు అలాగే ఉంది, అడుగున పూల డిజైను కూడా తెలుస్తోంది. ఆ గుర్తులో నాలుగు మొలకలు పడుకుని ఉన్నాయి. ఒకటి మళ్లీ తల ఎత్తింది.

డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. "పైసలేటి సేసుకుంటాను బావూ. గింజలుంటే ఇయ్యి, ఆ సోట మల్లీ ఏసుకుంటాను" అంది. తడి ఆరిపోకముందే వేయాలట. మెట్టరైతు అన్నా, ఎక్కడ కొనాలో మీరే చెప్పండి. రేపు ఉదయమే పట్టుకెళ్తాను.


మెట్టరైతు
బుధవారం, రాత్రి 9:30

కొనక్కర్లేదు. నా దగ్గర చల్లగా మిగిలిన విత్తనం రెండు కేజీలుంది. ఆరింటికి రా, ఇద్దరం వెళ్దాం. మొలకలు పోయిన చోట వేలితో గుంట చేసి పెట్టాలి, నేను చూపిస్తాను.


గోస్తనిగట్టు
గురువారం, రాత్రి 8:45

నిన్న మినుము మడి దగ్గరినుంచి టీచరు గారితో కలిసి ఊళ్లోకి కూడా వెళ్లాను. వచ్చేసారి సంగతులన్నీ ఒకచోట రాస్తున్నాను.

ముసలమ్మ ఇంటి అరుగు మీద కూర్చున్నాం. ముందు నాతో మాట్లాడలేదు. టీచరు గారు ఆట సంగతి చెప్పారు. మనవడు మధ్యలో అందుకుని, ఎవరు కుందేలు, ఎవరు దండు, గుండ్రం అంటే ఏమిటి అన్నీ గడగడా చెప్పేశాడు. వాడికి బడిలో అప్పటికే నేర్పేశారు. నేను ఊక సంచి విప్పి ముందు పెట్టాను. ఆమె చెయ్యి లోపల పెట్టి ఒక గుప్పెడు తీసి, వాసన చూసి, వేళ్ల సందుల్లోంచి వదిలింది. "ఇదైతే బయం నేదు" అంది. తర్వాత లేచి, కర్ర పట్టుకుని మాతో గోర్జి చివరిదాకా వచ్చింది. "ఇటేపు అసిరితల్లి గుడి, ఇటు ఎయ్యొద్దు. అటేపు తోట మా మరిదిది, ఆడితో నేను సెప్తాను. చెరువుగట్టు మీంచి ఎల్లండి, అది మెత్తగుంటాది" అని వరసగా చెప్పింది. నేను నోట్‌బుక్కులో గీసుకున్నాను. మొత్తం ఆరున్నర కిలోమీటర్లు వచ్చింది. నేను పోయినసారి వేసినదానికంటే మంచి దారి. పొలంలోకి అసలు దిగక్కర్లేదు, గెడ్డ ఒక్కసారే దాటాలి, మోకాలి లోతు కూడా లేదు.

జాడ సంక్రాంతికి ముందు ఆదివారం ఉదయం ఆరున్నరకి నేనూ కొండకిందబడి టీచరు గారూ కలిసి వేస్తాం. దండు ఏడింటికి బయల్దేరుతుంది. గుప్పెడు ఊక నలభై అడుగులకి ఒకటి. ఊళ్లో ఎక్కడా జాడ ఉండదు, బడి పిల్లలే నిలబడి చేత్తో దారి చూపిస్తారు. ఆడవాళ్లకి బడి గదులు తెరిచి ఉంటాయి. ఆసుపత్రిడ్యూటీ గారు ఆ రోజు సెలవు పెట్టి వస్తున్నారు, చింతచెట్టు దగ్గర ఉంటారు. మెట్టరైతు గారు బయల్దేరేముందు ఐదు నిమిషాలు మడి చూపించి మొలకలంటే ఏమిటో చెబుతారు, అది వినకుండా ఎవరూ పరిగెత్తకూడదు. చోడంబలి ఊళ్లోవాళ్లే కాస్తామన్నారు, చోళ్లు మనం తీసుకెళ్లాలి.

దండుకి చివర ఉండే మనిషి ఒక్కరు కావాలి. మొదటినుంచి చివరిదాకా ఎవరినీ దాటకుండా వెనకే రావాలి. ఎవరు ఉంటారు?


ఫుల్‌మారథాన్
గురువారం, రాత్రి 8:52

నేనుంటాను.


కోటఅమ్మాయి
గురువారం, రాత్రి 9:20

ఈసారి మేం పదకొండు మందిమి వస్తున్నాం. వదినగారు చీరలోనే వస్తానన్నారు.